పంది గుండెకు మనిషి కాపలా

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఒకరి కిడ్నీలు చెడిపోతే ఇల్లంతా డయాలసిస్ చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాద్‌ నిమ్స్ కేంద్రంగా నడిచే అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడాలి. దాతలు తక్కువ. అందుకే శాస్త్రవేత్తల చూపు పంది అవయవాల మీద పడింది.

చిక్కల్లా మన రక్తంతోనే. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మన యాంటీబాడీలు దాన్ని పసిగట్టి అతుక్కుంటాయి. వెంటనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు వచ్చి కణాలకు చిల్లులు పొడుస్తాయి. నిమిషాల్లోనే అవయవం నల్లబడిపోవచ్చు.

దీనికి విరుగుడు మన శరీరంలోనే ఉంది. సీడీ46, సీడీ55 ప్రొటీన్లు ఆ కాంప్లిమెంట్ దాడిని ఆపుతాయి. సీడీ47 మాత్రం కణాలను మింగే మాక్రోఫేజ్‌కు ‘నేను మనవాణ్ణే, తినొద్దు’ అని చెబుతుంది. ఎంత చక్కటి ఏర్పాటు!

2022 జనవరి 7న అమెరికాలోని మేరీల్యాండ్‌లో డేవిడ్ బెన్నెట్‌కు అమర్చిన పంది గుండెలో ఇలాంటి ప్రొటీన్లను తయారుచేసే మానవ జన్యువులు ఆరు చేర్చారు. పంది జన్యువులు నాలుగు పనిచేయకుండా చేశారు. గుండె వెంటనే తిరస్కరణకు గురికాలేదు. ఆయన రెండు నెలలు బతికారు. తర్వాత ఆ గుండెలో పంది వైరస్ ఆనవాళ్లు బయటపడ్డాయి.

ఈ వైద్యం మన ఊరి దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది. ఈలోగా జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరు నమోదు చేసుకోండి, ఆ మాట ఇంట్లోవాళ్లకూ చెప్పండి.