బ్రేకు మెత్తబడితే

కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, సీట్లు నొక్కి చూస్తాం, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో నాలుగుసార్లు అడుగుతాం. బ్రేకుల సంగతి అడిగిన మహానుభావుణ్ణి మటుకు నేనింతవరకు చూడలేదు. ఉంటాయి గదా అని ధీమా కాబోలు. ఉంటాయి, నిజమే. కాని వాటిలో ఓ అరచెంచాడు గాలి దూరితే పెడల్ కాస్తా కాలి కింద దూదిదిండులా అయిపోతుందనీ, ఆ మెత్తదనాన్ని తేలిగ్గా తీసుకోకూడదనీ బండి నడిపేవాళ్ళలో చాలామంది ఎరగరు.

మనం పెడల్ తొక్కితే ఆ బలం చక్రం దాకా పోయేది ద్రవం ద్వారా. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. మన పిల్లలు స్కూల్లో బట్టీ పట్టే సూత్రమే అది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ ద్రవంతో పనిచేసే బ్రేకులు బిగించి అమ్మారు. 1953లో లె మాన్ పందెంలో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ నెగ్గాక, ఆ డిస్కులు మామూలు కార్లకీ దిగొచ్చాయి. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళెం డిస్కు. దాన్ని రెండువైపులా పట్టుకారులా పట్టుకునేది కాలిపర్.

ద్రవం నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. వచ్చిన చిక్కల్లా అక్కడే. చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లనుకుందాం. కాలిపర్‌లో 2 ఘనపు సెంటీమీటర్ల గాలి చిక్కుకుంది. ఆ గాలిని నలిపెయ్యడానికే సిలిండర్‌లో పిస్టన్ 6 మిల్లీమీటర్లు కదలాలి. పెడల్ మీటలాంటిది గనక, పిస్టన్ కదిలినదానికి అయిదు రెట్లు మన పాదం కదలాలి. అంటే ఉజ్జాయింపుగా 3 సెంటీమీటర్లు ఉత్తుత్తినే పోయిందన్నమాట. చక్రం ఇంకా పట్టుబడనే లేదు!

2022 డిసెంబరులో విజయనగరంలో మా చెల్లెలింటికి వెళ్ళాను. వాళ్ళ కారుకి ముందు ఎడమ చక్రం కాలిపర్ బిగుసుకుపోయి, చక్రం పెనంలా కాలుతూంటే షెడ్డులో కొత్తది వేయించారట. వేయించిన దగ్గర్నించీ పెడల్ మెత్తన. మెకానిక్కు రెండుసార్లు గాలి తీశాడు, సీసాడు బ్రేక్ ఆయిల్ అయిపోయింది. బుడగ ఒక్కటీ రాలేదు.

"రెండుసార్లు తొక్కితే పట్టుకుంటోందిగా బావగారూ! పాత బండి, ఆమాత్రం ఉంటుందన్నాడు" అన్నారు మా బావగారు. ఆదివారంనాడు పిల్లల్నీ, డెబ్బయ్యేళ్ళ తల్లినీ ఎక్కించుకుని అరకు ప్రయాణం ఆయన ఉద్దేశం.

విజయనగరం బజార్లో రెండుసార్లు తొక్కడానికి వ్యవధి ఉంటుందేమో. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటీ దిగుతూంటే, మలుపులో బస్సు ఎదురైతే, రెండోసారి తొక్కడానికి టైమెక్కడిది? నేను ముప్ఫయ్యేళ్ళు వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. బండి గుమ్మం కదలడానికి వీల్లేదని తాళం చెవులు నా జేబులో వేసుకున్నాను. బావగారికి కోపం వచ్చింది. రానిచ్చాను.

ఇలాంటప్పుడు ముందు చెయ్యవలసినవి కాలితో చేసే పరీక్షలే. ఇంజను ఆపి పెడల్ తొక్కండి. మొదటిసారి లోతుకి పోయి, గబగబా నాలుగుసార్లు తొక్కేసరికి పైకొచ్చి గట్టిపడిందా, లోపల గాలైనా ఉండాలి, ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య సందైనా ఎక్కువుండాలి. గట్టిపడ్డాక అలాగే అదిమి పట్టండి. మెల్లిగా కిందికి జారిపోతోందా, ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగాయి. కాలు తియ్యకుండా ఇంజను స్టార్టు చేస్తే పెడల్ రవంత దిగి ఆగుతుంది. అది బూస్టర్ తన పని తాను చెయ్యడం, దానికి కంగారు పడనక్కర్లేదు.

మా వాళ్ళ కారు మొదటి రకం. అదిమితే జారడం లేదు, చక్రాల దగ్గర తడి లేదు, డబ్బాలో ఆయిల్ తరగలేదు. గాలే! మరి గాలి తీస్తే బుడగలెందుకు రాలేదు?

ముందు చక్రాలు రెండూ విప్పించాను. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టించాను. మా చెల్లెలు టార్చిలైటు పట్టుకుని కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, "అదేమిటన్నయ్యా, ఆ చక్రానికి రబ్బరు టోపీ పైనుంటే దీనికి కిందుందేం?" అంది.

అదే కిటుకు. ఆ టోపీ కింద ఉండేదే గాలి తీసే బ్లీడింగ్ స్క్రూ. గాలి పైకి తేలుతుంది గనక దాన్ని కాలిపర్‌కి పైకొసన పెడతారు. కుడి ఎడమ కాలిపర్లు అద్దంలో బొమ్మల్లాంటివి. చాలా కార్లలో ఒకదాని స్థానంలో ఇంకొకటి బోల్టులతో సహా చక్కా కూర్చుంటుంది, స్క్రూ మటుకు అడుక్కి పోతుంది. షాపువాడు ఎడమకి బదులు కుడిది ఇచ్చాడు, షెడ్డులో అది బిగించేశారు. ఇంక సీసాలకి సీసాలు పోసినా కిందనుంచి ఆయిలే వస్తుంది, పైన గాలి నిశ్చింతగా కూర్చుంటుంది.

మర్నాడు మార్చి తెచ్చాం. ఆయిల్ గొట్టం బోల్టుకి అటూ ఇటూ కొత్త రాగి వాషర్లు వేశాం. స్క్రూకి సన్నని పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొస ఆయిలున్న సీసాలో ముంచాను. బావగారు పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "తొక్కండి" అంటే మెల్లిగా తొక్కి పట్టుకోవాలి; నేను స్క్రూ వదులు చేసి, మళ్ళీ బిగించాక "వదలండి" అనాలి. ఈ వరస తప్పిందా, బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. మూడో విడతకి గోలీసోడా కొట్టినట్టు బుడగలు! మేనల్లుడు డబ్బాలో మట్టం తగ్గకుండా పోస్తూ ఉన్నాడు. అది ఎండిందంటే గాలి మాస్టర్ సిలిండర్‌లోకే దిగుతుంది. ఏబీఎస్ ఉన్న బండ్లలో ఆ పెట్టెలోకీ దూరితే, కంప్యూటర్ తగిలించి తీసేవాళ్ళ దగ్గరికి పోక తప్పదు.

స్క్రూ పైనే ఉన్నా మెత్తదనం పోకపోతే, వెనక డ్రమ్ముల్లో సర్దుబాటు వదులైందేమో, కాలిపర్ జారే పిన్నులు పట్టేశాయేమో, పాత రబ్బరు గొట్టం ఉబ్బుతోందేమో చూడాలి. ఊరికే ఆయిల్ పారబోసుకుని లాభం లేదు.

ఆయిల్ మాట వచ్చింది గనక, సీసాలోకి వచ్చిన పాతది మళ్ళీ పొయ్యకండి. బ్రేక్ ఆయిల్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాటీలో విడవకుండా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడి చేరడం కష్టం కాదు. అప్పుడు ఆయిల్లోనే ఆవిరి పుట్టి, మరమ్మతు చేయించిన బండికీ పెడల్ మెత్తబడుతుంది. అంచేత రెండేళ్ళకోసారి మార్చడం, దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండడం రెండూ కావాలి.

పెడల్ రాయిలా నిలిచింది. సందులో ఖాళీ చూసుకుని నెమ్మదిగా నాలుగుసార్లు ఆపి చూశాం. రాత్రి చక్రం కింద పాత కాగితం పరిచి, తెల్లారి మరక లేదని చూసుకున్నాకే తాళాలు ఇచ్చాను. మడ్‌గార్డు మీద మటుకు అరచెయ్యంత రంగు లేచిపోయి ఉంది. షెడ్డులో ఆయిల్ ఒలికినప్పుడు వెంటనే నీళ్ళతో కడగలేదన్నమాట. దానికి పెయింటరు ఎంత అడుగుతాడో కనుక్కోవడానికి బావగారు ఆ పూటే బయల్దేరారు.