పళ్లెం ఎన్నిసార్లు మోగింది?

చిన్న క్లాసులకు పాఠం చెప్పే టీచరమ్మలూ, ఇంట్లో పిల్లలతో వేగే అమ్మలూ నాన్నలూ, కాసేపు కూర్చోండి. ఇవాళ చెవుల ముచ్చట చెబుతాను.

చెవి తొందరగా పనిలోకి దిగే అవయవం. తల్లి కడుపులో ఆరో నెల దాటేసరికే బిడ్డకు చప్పుళ్లు తెలుస్తాయి. కానీ పది చప్పుళ్ల మధ్య నుంచి ఒక్క గొంతును ఏరుకుని పట్టుకోవడం మెదడు చేసే పని. అది బిడ్డకు పదేళ్లు దాటినా ఇంకా ముదురుతూనే ఉంటుంది. ఆరేళ్ల పిల్లను పట్టుకుని "ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని కసిరే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన ఊళ్లలో చప్పుళ్లకు కొదవ లేదు. సూర్యాపేట, కోదాడ 65వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్లు, హారన్లు రాత్రీ పగలూ ఆగవు. మిర్యాలగూడలో రైసుమిల్లులు, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు, రైలు. పాఠం జరిగే గదిలో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మామూలుగా మాట్లాడే మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు తగ్గుతుంది. చెట్టు కింద క్లాసైతే నాలుగు మీటర్ల అవతల కూర్చున్న పిల్లకు చేరేది 48 మాత్రమే. సగం వినబడిన మాటను పెద్దవాళ్లు తమకు తెలిసిన మాటలతో పూరించుకుంటారు. పిల్లల దగ్గర అన్ని మాటలు ఇంకా పోగవలేదు. 'కలం' అన్నది 'కాలం'గా వినబడితే వాళ్ల లెక్కలో అది కాలమే.

దీనికి మందు ఆటల్లోనే ఉంది. కళ్లగంతలు ఆడించండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పరుగెత్తుతుంది. కుడి పక్క నుంచి చప్పట్లు వినిపిస్తే ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడా పట్టుకుని మెదడు దిక్కు చెబుతుంది. ఒక చెవి మూసుకుని ఆడమనండి, గంతలు కట్టుకున్న పిల్ల ఎలా తికమకపడుతుందో అందరూ చూస్తారు. పాఠం చెప్పకుండానే రెండు చెవులు ఎందుకో తెలిసిపోతుంది.

'కాకి ఎగిరింది, చిలక ఎగిరింది' అంటూ చేతులు లేపించే ఆట మరీ మంచిది. 'గేదె ఎగిరింది' అనగానే లేవబోయిన చెయ్యి ఆగాలి. మాట పూర్తయ్యేదాకా ఆగి, అర్థం చేసుకుని, అప్పుడు కదలడం! చదువుకు ఇంతకన్నా పెద్ద పునాది నాకు తెలియదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట మన అవధానంలోంచి తీసుకున్నది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిప్పి జనానికి దగ్గర చేసిన విద్య అది. అష్టావధానంలో ఒకరు ఉండుండి గంట కొడుతుంటారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డం పడుతుంటారు. అవధాని పద్యాలు చెబుతూనే గంటలు లెక్కపెట్టుకుని చివర్లో ఎన్నో చెప్పాలి. అదెంత కష్టమో చూడండి. ఇంగ్లండు శాస్త్రవేత్త కాలిన్ చెర్రీ 1953లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులకు రెండు చెవుల్లో రెండు వేర్వేరు సంగతులు వినిపించి, ఒక చెవిలోది తిరిగి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఏ మాటలు వచ్చాయో వాళ్లు దాదాపు చెప్పలేకపోయారు. ధ్యాస అంత ఇరుకైనది. అవధాని సాధన ఎంత గొప్పదో దీంతో అర్థమవుతుంది.

దాన్ని పిల్లల ఆటగా ఇలా మార్చుకోవచ్చు. పిల్లల్ని బొమ్మలకు రంగులు వేసుకోనివ్వండి. మీరు ఏదో ముచ్చట చెబుతూ మధ్యమధ్య స్టీలు పళ్లెం మీద చెంచాతో కొట్టండి. ఎన్నిసార్లు మోగిందో చివర్లో అడగండి. మొదట్లో నాలుగైదు దాటొద్దు. అలవాటయ్యాక బల్ల మీద కొట్టింది లెక్కలోకి రాదనండి. ఆ తర్వాత పళ్లెం పక్కన పెట్టి కథ చెప్పండి, 'చెరువు' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టమనండి. ఇలా చప్పుడు నుంచి మాటకు, మాట నుంచి కథకు చెవి తనంతట తానే నడుస్తుంది. ఓడిన పిల్లను నవ్వులపాలు చెయ్యకండి, రేపు ఆమెనే పళ్లెం కొట్టమనండి. లెక్క సరిచూడాలంటే అందరికన్నా శ్రద్ధగా వినాల్సింది కొట్టేవాళ్లే.

ఆటలో ఒక పిల్లవాడు ఎప్పుడూ వెనకబడుతున్నాడా? అప్పుడు చెవినే అనుమానించండి. ముక్కు వెనక నుంచి చెవిలోకి పోయే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే కర్ణభేరి వెనక నీరు చేరి వారాల తరబడి వినికిడి మందగిస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఎవరికీ తెలియదు. ప్రభుత్వ బడులకూ అంగన్‌వాడీలకూ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, వినికిడి లోపం కూడా ఆ కార్యక్రమం కింద చూసే జబ్బుల్లో ఉంది. వైద్య బృందం బడికి వచ్చిన రోజు అలాంటి పిల్లవాణ్ణి ముందు వరసలో నిలబెట్టి, "వీడి చెవులు చూడండి" అని మీరే చెప్పండి.