లింగసందిగ్ధతయు తెలుగు క్రియయు: ర్యాలి విగ్రహము మొదలు వీడియో గేమ్ పాత్రల వరకు

స్త్రీయో పురుషుడో నిర్ణయింపబడని పాత్రను గూర్చి తెలుగున ఎట్లు చెప్పవలెను? ఈ ప్రశ్న రాజమహేంద్రవరమున మా అనువాద తరగతిలోని ఒక విద్యార్థి వలన నాకు ఎదురయ్యెను. 2015లో టోబీ ఫాక్స్ వెలువరించిన ‘అండర్‌టేల్’ అను వీడియో గేమ్‌లోని సంభాషణలను అతడు తెలుగు చేయ బూనెను. అందలి ప్రధానపాత్ర భూగర్భలోకమున పడిపోయిన ఒక మానవశిశువు. ఆ శిశువు బాలుడో బాలికయో ఆ ఆటలో ఎచ్చటను చెప్పబడలేదు. తక్కిన పాత్రలు ఆ శిశువును ఆంగ్లమున ‘దె’ అను సర్వనామముతోనే పేర్కొనును. విద్యార్థి మొదట ‘వచ్చాడు’ అని వ్రాసి, పిదప ‘వచ్చింది’ అని దిద్ది, రెండును కొట్టివేసి నాయొద్దకు వచ్చెను. రచయిత విప్పక విడిచిన ముడిని అనువాదకుడు ఒక్క ప్రత్యయముతో తెంచివేయవలసి వచ్చుటయే ఇచటి చిక్కు.

ఇట్టి రూపములు గోదావరీమండలమునకు క్రొత్తవి కావు. గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, ఆత్రేయపురము చేరువనున్న ర్యాలి గ్రామమున జగన్మోహినీ కేశవస్వామి ఆలయము గలదు. మూలవిగ్రహము ఏకశిల. ముందునుండి చూచినవారికి చతుర్భుజుడైన విష్ణువు కనబడును. వెనుకనుండి చూచినవారికి అమృతము పంచిన మోహిని కనబడును. ఒకే శిల, ఒకే మూర్తి. చుట్టును తిరిగి చూచినప్పుడే దర్శనము పూర్ణమగును.

విషయము స్పష్టమగుటకై ఇట్టి పాత్రలను నాలుగు తెగలుగా విభజింతును. మొదటిది గోప్యత. 1986లో నింటెండో వెలువరించిన ‘మెట్రాయిడ్’లో సామస్ ఆరన్ అను యోధపాత్ర నిలువెల్ల కవచము ధరించియుండును. ఆంగ్లమున వెలువడిన సూచనాపుస్తకము పుంలింగ సర్వనామమునే వాడినది. ఆటను త్వరగా ముగించినవారికి మాత్రము శిరస్త్రాణము తొలగి స్త్రీమూర్తి కనబడును. రెండవది వేషము. 1998 నాటి ‘ఒకరినా ఆఫ్ టైమ్’లో రాజకుమారి జెల్డా షీక్ అను పేర యువకుని వేషమున సంచరించును. విరాటుని కొలువున బృహన్నలను ఎరిగిన తెలుగు పాఠకునకు ఇది వింత కాదు. మూడవది ర్యాలి మూర్తి వంటి ద్విరూపత. నాలుగవది ‘అండర్‌టేల్’లోని అనిశ్చయము. మొదటి రెండింట కథ ముగియునప్పటికి ప్రశ్నకు సమాధానము లభించును. మూడవదానియందు రెండు సమాధానములును నిజములే. నాలుగవదానియందు సమాధానము లేకుండుటయే ఉద్దేశము. ఆటను నడుపువారు ఎవరైనను ఆ పాత్రలో తమ్ము చూచుకొనవచ్చును.

ఇక వ్యాకరణము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున పురుషవాచకములను మహత్తులనియు, స్త్రీవాచకములను మహతీవాచకములనియు, తక్కినవానిని అమహత్తులనియు విభజించెను. స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను చేరును. ‘సీత వచ్చింది’, ‘బండి వచ్చింది’ అందుము. కాని ‘స్త్రీలు వచ్చారు’, ‘బండ్లు వచ్చాయి’ అందుము. కావున తెలుగు ఏకవచనక్రియ అడుగునది ‘స్త్రీయా, పురుషుడా’ అని కాదు. ‘పురుషుడా, కాడా’ అని. బహువచనక్రియ అడుగునది ‘మనిషియా, కాదా’ అని.

ఉత్తమ మధ్యమ పురుషలయందు ఈ ప్రశ్నయే లేదు. ‘నేను వచ్చాను’, ‘నీవు వచ్చావు’ అన్నప్పుడు లింగము తెలియదు. హిందీలో ‘మై ఆయా’, ‘మై ఆయీ’ అని ఉత్తమపురుషయందును భేదము పాటింపవలెను. ఆ బాధ మనకు లేదు. చిక్కంతయు ప్రథమపురుష ఏకవచనముననే యున్నది.

దీనికి మూడు ఉపాయములు గలవు. మొదటిది గౌరవబహువచనము. ర్యాలిలో ‘స్వామివారు వెలిశారు’ అన్నచో శిలకు రెండువైపులను ఆ క్రియ చెల్లును. కాని ఇందు గౌరవము తప్పక చేరును. గోతిలో పడిన శిశువును ‘వారు పడిపోయారు’ అన్నచో వినువారు నవ్వుదురు. రెండవది ‘తాను, తన’ అను లింగభేదము లేని సర్వనామమును, క్రియాజన్య విశేషణములను వాడుట. ‘పడిపోయిన శిశువు’, ‘తన రాక’ అన్న ప్రయోగములు దేనిని బయటపెట్టవు. అయినను వాక్యాంతమున సమాపక క్రియ వచ్చినచో ప్రశ్న మరల తలయెత్తును. మూడవది గ్రాంథిక క్రియ. అతడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను: మూడింటికిని రూపమొక్కటే. కర్తను లోపింపజేసి ‘వచ్చెను’ అని విడిచినచో సందిగ్ధత చెక్కుచెదరక నిలుచును. వ్యావహారికమున ‘వచ్చాడు’, ‘వచ్చింది’ స్థిరపడుటతో ఆ మరుగు మనకు తప్పిపోయినది. గ్రాంథికమునకు మరలుమని నా వాదము కాదు. ఆ రూపము ఏ పనికి వచ్చునో మరువరాదనియే నా మనవి.

ఇది ఆటలకు మాత్రమే సంబంధించిన విచారమా? కాదు. ‘శిశువు ఏడ్చింది’ అన్నచో తప్పు లేదు. ఎదిగిన మనిషిని ఎదుట ‘అది’ అన్నచో అది తిరస్కారము. స్త్రీపురుష విభాగమున ఇమడనివారిని వీథిలో ఆ మాటతోనే అవమానించుట మనము వినుచున్నదే. భారత సర్వోన్నత న్యాయస్థానము 2014 ఏప్రిల్ 15న అట్టివారిని తృతీయలింగముగా గుర్తించినది. చట్టము గుర్తించినవారికి వాడదగిన క్రియను వెదకుట భాషావేత్తల విధి. పెద్దలకు ‘వారు’ ఉన్నది. చనువుగల తోటివారికి గౌరవమును అవమానమును లేని ఏకవచనము నేటి వాడుకలో లేదు.

విద్యార్థికి నేను చెప్పినది ఇంతే: కథనభాగమున, ఐతిహ్యధోరణికి తగునట్లు, కర్తలేని ‘వచ్చెను’ వాడుము, సంభాషణలలో ‘తన’ మొదలగువానితో సమాపక క్రియను తప్పించుము, తప్పింపరానిచోట ‘శిశువు’ అను మాటనే మరల వ్రాయుము. పునరుక్తి దోషమే, కాని రచయిత చెప్పనిదానిని చెప్పుట అంతకంటె పెద్ద దోషము.