అంచు తీయని పలక

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు మా పెరటి మామిడిచెట్టు వేళ్లతో సహా కూలినది. అది మా తాతగారు నాటిన చెట్టు. కట్టెలక్రింద అమ్ముటకు మనసొప్పక, దానితో భోజనపుబల్ల చేయింపనెంచితిని. ఆ పనిలో నేను పొరపడి నేర్చిన సంగతులనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

సాధారణముగా కోతమిల్లులో దుంగకు నాలుగువైపుల గుండ్రనిభాగము తీసివేసి, చదరముచేసి, పిదప పలకలుగా కోయుదురు. నేను కోరినది వేఱు. అంచులు ముట్టక, దుంగను నిలువునా పలకలుగా చీల్చవలెను. అప్పుడు చెట్టు పెరిగిన వంపులే బల్లకు అంచులై నిలుచును. అమెరికాలో పెన్సిల్వేనియాయందు పనిచేసిన జార్జి నకషిమా (1905–1990) ఇట్టి బల్లలకు ప్రసిద్ధుడు. ఆయన 1930వ దశకమున పుదుచ్చేరి అరవిందాశ్రమములో గోల్కొండ యను వసతిగృహ నిర్మాణమున పాల్గొన్నవాడే.

కోయుట కష్టము కాదు, ఆరబెట్టుటయే కష్టము. పచ్చిచెక్కలోని నీరు పోయినకొలది అది ముడుచుకొనును. కాని అన్నివైపుల సమముగా ముడుచుకొనదు. నిడివిలో ముడుత దాదాపు లేదు. దుంగ నడిబొడ్డునుండి బెరడువైపునకు కలుగు ముడుతకంటె, వలయముల వెంబడి కలుగు ముడుత ఇంచుమించు రెట్టింపు. పగుళ్లకు, వంకరలకు ఈ భేదమే మూలము. కావున నడిబొడ్డు గల పలకను దాని వెంబడి రెండుగా చీల్చుట మేలు.

కొనలనుండి నీరు మిక్కిలి త్వరగా పోవును గనుక పగులు అచ్చటనే మొదలగును. కోసిననాడే కొనలకు మైనముగాని చిక్కని రంగుగాని పూయవలెను. బెరడుక్రింద పురుగులు దాగును, దానిని ఒలిచివేయవలెను. మామిడిచెక్క త్వరగా పుచ్చును గనుక, పచ్చిగా నున్నప్పుడే బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీరు పట్టింపవలెను. పిదప గాలియాడు నీడలో, నేలకు జానెడెత్తున, పలకకును పలకకును నడుమ అంగుళపు బద్దలనుంచి పేర్చవలెను. బద్దలన్నియు ఒకదానిపై నొకటి తిన్నగా రావలెను. పైన బరువు పెట్టవలెను. అంగుళము మందమునకు ఏడాది యని పెద్దల లెక్క.

ఈ లెక్కను నేను లక్ష్యపెట్టలేదు. మా యింట పెండ్లి యుండుటచే మూడు నెలలకే రెండంగుళముల పలకను బల్ల చేయుమంటిని. “బాబుగారూ, చెక్క ఇంకా తడారలేదండి” అని వడ్రంగి వారించెను. నేను వినలేదు. పలకను చట్రమునకు మరలతో గట్టిగా బిగింపించితిని. వేసవిలో నొకరాత్రి ఫెళ్లుమని శబ్దమయ్యెను. ముడుచుకొనుటకు చోటులేక పలక నడుమ వ్రేలు దూరునంత పగిలినది.

మిగిలిన పలకలలో నొకదానిని నెలనెల తూచుచు, బరువు తగ్గుట నిలిచిన పిదప, 2017లో క్రొత్తబల్ల చేయించితిని. ఈసారి మరలకు కోలరంధ్రములు పెట్టించితిని. చెక్క కదలినను బల్ల చెడదు. పగిలిన పలకకు పగులునకడ్డముగా డమరుకాకారపు బిళ్లలు మూడు పొదిగించి అరుగుపై వేయించితిని.

తాతగారి చెట్టు ఆ లావు తేలుటకు అరువదియేండ్లు పట్టినది. దానికి మఱి రెండేండ్లిచ్చుటకు నాకు ఓపిక లేకపోయెను. అరుగుపై కూర్చుండినప్పుడెల్ల ఆ మూడు బిళ్లలు నా చేతికి తగులుచుండును.