ట్యూబ్‌లెస్ టైరుకు నిప్పు పెట్టకండి

సైకిల్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. టైరులోకి డియోడరెంటు కొట్టి లైటరు చూపిస్తారు. ధబ్‌మని శబ్దం వస్తుంది, టైరు రిమ్ముకు అతుక్కుంటుంది, చుట్టూ చప్పట్లు. కింద 'కంప్రెసర్ అక్కర్లేదు' అని రాత. మాడిన చేతి వెంట్రుకలు, ముడుచుకుపోయిన రిమ్ టేపు మాత్రం వీడియోలో కనిపించవు. డియోడరెంటు లేనివాళ్లు ఏకంగా పెట్రోలు సీసా అందుకుంటున్నారు కాబట్టి దీని సంగతి వివరంగానే చెప్పుకోవాలి.

అపోహ: కంప్రెసర్ లేకపోతే మంటే దారి.

వాస్తవం: ఇది సైకిలువాళ్ల విద్య కాదు. ఐస్‌లాండ్‌లో మంచు మీద తిరిగే పెద్ద జీపులకు 38 అంగుళాల టైర్లు వేసి, దిగబడకుండా గాలిని 3, 4 పీఎస్‌ఐకి దించేస్తారు. అంత తక్కువ గాలితో టైరు ఒక్కోసారి రిమ్మును వదిలేస్తుంది. మనిషి జాడ లేని చోట, గత్యంతరం లేక, మండే వాయువు కొట్టి వెలిగిస్తారు. ఆ రిమ్ము దళసరి లోహం, ఆ టైరు మొద్దు రబ్బరు. మన సైకిల్ రిమ్ము మీద ఉన్నది పల్చటి ప్లాస్టిక్ టేపు. కార్బన్ రిమ్మయితే అది రెజిన్‌తో అతికించిన పోగులే. వేడికి ముందు పాడయ్యేవి ఇవే.

పైగా ఆ మంటకు కొలత లేదు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. తక్కువైతే వెలగదు, ఎక్కువైనా వెలగదు. వెలగలేదని ఇంకాస్త పోసి, ముఖం దగ్గరగా పెట్టి మళ్లీ లైటరు నొక్కుతారు. కనుబొమలు పోయేది సాధారణంగా ఆ రెండోసారే. సరైన పాళ్లలో కలిసిన ఆవిరి మూసి ఉన్న చోట మండితే పీడనం 8 రెట్ల దాకా పెరగగలదు. అంచున కొక్కెం లేని (హుక్‌లెస్) రిమ్ములకు ప్రమాణాలు పెట్టిన హద్దు 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ. లైటరుకు మీటరు ఉండదు కదా!

అసలు తమాషా ఇంకోటి ఉంది. మండిన వాయువు క్షణాల్లో చల్లారిపోతుంది, దాంతో టైరులో పీడనం పడిపోతుంది. బీడ్, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, మళ్లీ జారకుండా వెంటనే గాలి కొట్టాల్సిందే. అంటే ఇంత సాహసం చేశాక కూడా చేతిలో పంపు ఉండాలి. ఆ పంపుతోనే మొదలుపెడితే పోయేదేముంది?

బీడ్ కూర్చునేదాకా టైరు చిల్లికుండే. చిల్లికుండ నిండాలంటే కారేదానికన్నా వేగంగా పోయాలి, లేదా చిల్లిని చిన్నది చేయాలి. వీడియోవాళ్లు మొదటిదాని వెంట పడ్డారు. ఇంట్లో చేయదగ్గది రెండోది.

కొత్త టైరు మడతలు పడి ఉంటే ముందు ట్యూబు వేసి గాలి కొట్టి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత ఒక పక్క బీడ్ మాత్రమే విప్పి ట్యూబు తీసి, ట్యూబ్‌లెస్ వాల్వు బిగించండి. రెండో పక్క కూర్చునే ఉంటుంది కాబట్టి సందు సగం తగ్గినట్టే. వాల్వు దగ్గర బీడ్ దాని మీద ఎక్కకుండా పక్కకు సర్దండి. అంచుల వెంట సబ్బు నీళ్లు పూయండి. వాల్వు కోర్ ఊడదీయండి. గాలి వెళ్లే దారి వెడల్పవుతుంది. చక్రాన్ని నేలకు ఆనించకుండా వేలాడదీసి, నిలబెట్టి కొట్టే పంపుతో ఆపకుండా, వేగంగా కొట్టండి. అప్పటికీ సందులోంచి గాలి పోతుంటే టైరు నడిమధ్యన చుట్టూ తాడో బెల్టో బిగించండి, అంచులు పక్కలకు తెరుచుకుంటాయి. టైరు ఉబ్బడం మొదలవగానే తాడు విప్పేయండి. టక్ టక్‌మని రెండు మూడు శబ్దాలు వినిపిస్తే బీడ్ కూర్చుంటున్నట్టు. సన్న సందులు మూసే ద్రవం, సీలెంటు, ఆ తర్వాత వాల్వు గొట్టంలోంచి పోసుకోవచ్చు. ముందే పోస్తే ఒలికేది మీ గచ్చు మీదే.

అపోహ: కొన్ని టైర్లు కంప్రెసర్ లేకుండా కూర్చోవు.

వాస్తవం: ఇది మాత్రం ఒప్పుకోక తప్పదు. రిమ్ము మీద మరీ వదులుగా ఉండే టైర్లు, మెలికలు తిరిగిన పాత టైర్లు పై ఉపాయాలన్నిటికీ మొండికేస్తాయి. గాలిని ముందే డబ్బాలో నింపుకుని ఒక్కసారిగా వదిలే బూస్టర్ పంపులు వీటికోసమే పుట్టాయి. అది కొనేంత అవసరం లేకపోతే చక్రం పట్టుకుని వీధి చివర పంక్చర్ షాపుకు వెళ్లండి. వాళ్ల గొట్టం మోటారుసైకిల్ వాల్వుకు సరిపోతుంది, మీ సన్న వాల్వుకు కాదు. ఆ రెండింటినీ కలిపే, వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టరు సంచిలో ఉంచుకోండి. గాలి కొంచెం కొంచెంగా కొట్టమనండి. అది లారీ టైర్లకు కొట్టే యంత్రమని మరవకండి.

మిగతావి ఒక్కో ముక్కలో:

కూల్‌డ్రింక్ సీసాతో సొంత బూస్టర్: సీసా పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో తయారుచేసినవాడికీ తెలియదు.

సబ్బు బదులు గ్రీజు, ఇంజన్ ఆయిలు: రబ్బరు పాడవుతుంది.

కార్బన్ డయాక్సైడు గుళిక: పనిచేస్తుంది, కానీ ఆ చలికి సీలెంటు గడ్డకట్టవచ్చు, గాలి కూడా త్వరగా దిగుతుంది. ఇల్లు చేరాక మామూలు గాలి నింపుకోండి.

టేపు చుడితే ఏ రిమ్మయినా ట్యూబ్‌లెస్సే: కాదు. బీడ్ కూర్చోవడానికి రిమ్ములో అరుగు ఉండాలి.

చివరిగా ఒక మాట. శబ్దం వచ్చింది కదా అని బండెక్కేయకండి. టైరు పక్కన, రిమ్ముకు ఆనుకుని, అచ్చులో వచ్చిన సన్నని గీత ఉంటుంది. చక్రం తిప్పి చూడండి. ఆ గీత ఒక్కచోట లోపలికి మునిగినా బీడ్ కూర్చోనట్టే. గాలి తీసి, మళ్లీ సబ్బు నీళ్లు పూసి కొట్టండి. అది సరయ్యేదాకా ఆ చక్రంతో రోడ్డెక్కకండి.