చెప్పుల షాపు ఓనర్ పుట్టించిన బుల్లి రాకెట్.. ఆ మోటార్ల కంపెనీలు ఏమయ్యాయి? పాతవి తీసి వెలిగిస్తే ఎందుకంత డేంజర్?

అరచేతిలో పట్టేంత అట్ట గొట్టం. పొడవు 70 మిల్లీమీటర్లు, వ్యాసం 18 మిల్లీమీటర్లు. చూడ్డానికి దీపావళి టపాసులా ఉంటుంది. కానీ అమెరికాలో తరాల తరబడి పిల్లలకు రాకెట్ సైన్స్‌లో ఓనమాలు దిద్దించింది ఇదే. పేరు.. మోడల్ రాకెట్ మోటార్. ఇప్పుడు 50, 60 ఏళ్ల నాటి మోటార్లను వెతికి మరీ దాచుకునేవాళ్లు ఉన్నారు. ఒక్కసారి ఎగరేసి చూద్దామని ఉబలాటపడేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ వీటిని ఎవరు తయారు చేశారు? ఆ చిన్న చిన్న కంపెనీలు ఎందుకు మూతపడ్డాయి? పాతబడితే మోటార్‌లో ఏం మారుతుంది?

చెప్పుల షాపు నుంచి మొదలు

ఆర్విల్ కార్లైల్‌ది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, నార్ఫోక్ పట్టణం. చెప్పుల షాపు నడిపేవాడు. బాణసంచా అంటే పిచ్చి. ఆయన సోదరుడు రాబర్ట్‌కు మోడల్ విమానాలంటే ఇష్టం. రాకెట్ ఎలా పనిచేస్తుందో జనానికి చూపించేందుకు 1954లో ఇద్దరూ కలిసి ఓ చిన్న రాకెట్ చేశారు. దాని పేరు రాక్-ఎ-చ్యూట్.

మన తారాజువ్వకు, దీనికి తేడా ఒక్కటే. తారాజువ్వ కాలిపోతే పని అయిపోయినట్టే. ఇది మాత్రం పారాచూట్‌తో కిందికి దిగుతుంది. కాలిన మోటార్ తీసేసి కొత్తది పెడితే మళ్లీ ఎగురుతుంది. ఈ ఐడియాకు 1958లో కార్లైల్‌కు పేటెంట్ వచ్చింది.

పిల్లల ప్రాణాల మీదకు వచ్చిన సరదా

అప్పట్లో రాకెట్ల మోజుతో టీనేజ్ పిల్లలు ఇనప గొట్టాల్లో మందు కూరి ఇళ్లలోనే ప్రయోగాలు చేసేవాళ్లు. గొట్టం పేలితే వేళ్లు పోయేవి, కళ్లు పోయేవి. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన జి.హ్యారీ స్టైన్ దీనిపై 1957లో ఓ పత్రికలో వ్యాసం రాశారు. అది చదివిన కార్లైల్ తన రాకెట్ల శాంపిల్స్‌ను ఆయనకు పంపాడు. వాటిని ఎగరేసి చూసిన స్టైన్‌కు విషయం అర్థమైంది. మందు కూరే పని పిల్లల చేతిలోంచి తీసేసి, ఫ్యాక్టరీలో చేయిస్తే సమస్యలో సగం తీరిపోయినట్టే!

అదే ఏడాది ఆయన కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో మోడల్ మిసైల్స్ అనే కంపెనీ పెట్టారు. అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో రాకెట్ల క్రేజ్ ఒక్కసారిగా పెరిగింది. కానీ మోటార్లు డిమాండ్‌కు తగ్గట్టు కావాలి కదా.. అవి ఎక్కడి నుంచి వస్తాయి?

5.5 సెకన్లకు ఒక మోటార్

ఇక్కడే వెర్నన్ ఎస్టెస్ ఎంట్రీ ఇచ్చాడు. డెన్వర్‌లో బాణసంచా తయారు చేసే కుటుంబం ఆయనది. మోటార్లు చేసే ఆటోమేటిక్ యంత్రం ఒకటి తయారు చేసి దానికి 'మేబెల్' అని పేరు పెట్టాడు. 1959లో పని మొదలుపెట్టిన ఆ యంత్రం 5.5 సెకన్లకు ఒక మోటార్ చొప్పున బయటకు తోసేది. స్టైన్ కంపెనీ కొనగలిగిన దానికంటే అది చేసేదే ఎక్కువ. దాంతో ఎస్టెస్ సొంతంగా పోస్టు ద్వారా అమ్మకాలు మొదలుపెట్టాడు. మోడల్ మిసైల్స్ కొన్నేళ్లకే మూతపడింది. ఎస్టెస్ పేరు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

C6-5 అంటే ఏంటి?

మోటార్ మీద రాసి ఉండే ఈ కోడ్‌లోనే మొత్తం సమాచారం ఉంటుంది. మొదటి అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది. A కంటే B, B కంటే C.. ఇలా ఒక్కో అక్షరం దాటితే గరిష్ఠ పరిమితి రెట్టింపు అవుతుంది. తర్వాతి అంకె సగటు తోపుడు బలం, న్యూటన్లలో. చివరి అంకె.. మందు కాలిపోయాక పారాచూట్ తెరుచుకునే చిన్న పేలుడుకు పట్టే సెకన్లు. 1960ల నాటి మోటార్ల మీద A.8-3 లాంటి కోడ్‌లు కనిపిస్తాయి. అప్పట్లో బలాన్ని పౌండ్లలో కొలిచేవాళ్లు. మధ్యలో ఆ చుక్క కనిపిస్తే చాలు, కలెక్షన్ చేసేవాళ్ల కళ్లు మెరుస్తాయి.

వచ్చారు.. వెళ్లిపోయారు

చంద్రుడి మీదకు మనిషిని పంపే పోటీ సాగిన 1960ల్లో చాలా కంపెనీలు పుట్టుకొచ్చాయి. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో లీ పీస్టర్ 'సెంచూరి' పెట్టాడు. ఫ్లైట్ సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ F100, F7 లాంటి పెద్ద మోటార్లు చేసింది. రెండూ F తరగతే అయినా స్వభావం వేరు. F100 సెకను కూడా కాకముందే శక్తినంతా బయటపెట్టేస్తుంది. F7 సెకన్ల తరబడి నింపాదిగా కాలుతుంది. ఇర్వ్ వెయిట్ కంపెనీ తుపాకీ మందు పక్కన పెట్టి, పెద్ద రాకెట్లలో వాడే అమోనియం పెర్క్లోరేట్ ఇంధనంతో మోటార్లు చేసింది. తర్వాత అవి 'ఎనర్జెట్' పేరుతో సెంచూరి చేతికి వెళ్లాయి.

1969లో డేమన్ కార్పొరేషన్ ఎస్టెస్‌ను కొనేసింది. సెంచూరి కూడా దాని చేతికే వెళ్లింది. ఒకే యజమాని కింద రెండు బ్రాండ్లు ఎందుకనుకున్నారో ఏమో.. 1980ల మొదట్లో సెంచూరి పేరు కనుమరుగైంది. పెర్క్లోరేట్ మోటార్ల పని అందుకున్న ఏరోటెక్‌కు 2001లో లాస్ వెగాస్ అగ్నిప్రమాదం పెద్ద దెబ్బ కొట్టింది. అయినా ఆ కంపెనీ నిలదొక్కుకుంది. ఆ ఇంధనాన్ని పేలుడు పదార్థంగా చూసిన ప్రభుత్వ సంస్థపై రాకెట్ సంఘాలు కోర్టుకెళ్లి, ఏళ్ల పోరాటం తర్వాత 2009లో గెలిచాయి. మందుతో పని అంటే అంతే మరి. ఒక ప్రమాదమో, ఒక రూలో చాలు.. చిన్న కంపెనీ కుదేలవడానికి.

పాత మోటార్ ఎందుకు పేలుతుంది?

చిన్న మోటార్లలో ఉండేది తుపాకీ మందే. అంటే సూరేకారం, బొగ్గు, గంధకం. దీన్ని అట్ట గొట్టంలో గట్టిగా దట్టిస్తారు. కింద బంకమట్టితో చేసిన సన్నని రంధ్రం ఉంటుంది. మందు ఒక చివర నుంచి పొరలు పొరలుగా కాలాలి.

అసలు సమస్య వాతావరణంతోనే వస్తుంది. వేసవిలో వేడికి, చలికాలంలో చలికి మందు, అట్ట రెండూ వ్యాకోచిస్తాయి, సంకోచిస్తాయి. కానీ రెండూ ఒకేలా కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మందులో పగుళ్లు వస్తాయి, లేదంటే మందుకు, గొట్టానికి మధ్య సందు ఏర్పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు! వెలిగించగానే నిప్పు ఆ సందుల్లోకి దూరుతుంది. ఒక్క పొర కాలాల్సిన చోట చాలా భాగం ఒకేసారి అంటుకుంటుంది. అంత గ్యాస్ ఆ చిన్న రంధ్రంలోంచి బయటకు పోలేదు. లోపల ఒత్తిడి పెరిగి మోటార్ పేలిపోతుంది.

అంటే ముఖ్యం వయసు ఒక్కటే కాదు, ఎక్కడ ఉంచారన్నదే. చల్లగా, పొడిగా ఉన్న గదిలో దాచిన పాత మోటార్ బాగానే ఎగరొచ్చు. వేసవిలో కారు డిక్కీలో మగ్గిన కొత్తది కూడా పేలొచ్చు. అందుకే తెలియని చోటు నుంచి వచ్చిన మోటార్‌ను నమ్మొద్దని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. తుపాకీ మందు మోటార్‌ను పారేయాలనుకుంటే నీళ్లలో నానబెడితే చాలు. అట్ట, మందు మెత్తబడి విడిపోతాయి.

పిల్లల వేళ్లు, కళ్లు కాపాడాలనే ఈ మోటార్లు ఫ్యాక్టరీకి వెళ్లాయి. అరవై ఏళ్ల తర్వాత వాటినే గుడ్డిగా వెలిగిస్తే కథ మళ్లీ మొదటికే వస్తుంది. సెంచూరి, ఎనర్జెట్ పేర్లున్న ఆ అట్ట గొట్టాలు అద్దాల బీరువాలో ఉంటేనే అందం.