చెల్లి ఎందుకు పడుతోంది? ఒక కెమెరా కొన్న లెక్క

మన గోడ పత్రికకు ఈసారి కెమెరా గురించి రాస్తానంటే మేడమ్ నవ్వి, "అన్నీ ఇంగ్లీషు మాటలే వస్తాయి కదమ్మా, తెలుగులో ఎలా రాస్తావు?" అన్నారు. మాటలు ఇంగ్లీషువే మేడమ్, లెక్క మాత్రం మనందరికీ వచ్చిందే అన్నాను. ఆ లెక్కే ఇది.

మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడ. పి.యు.సి. చదివే మా చెల్లికి సైకిల్ పిచ్చి. మామూలు సైకిల్ కాదు, లావు టైర్లు, ముందు షాకులు ఉండే మౌంటెన్ బైక్. ఆనేకల్ నుంచి ముత్యాల మడువుకు పోయే దారిలో మాకు తెలిసినవాళ్ళ నీలగిరి తోపు ఒకటి ఉంది. ఆ ఊటకు పేరు కూడా మా ఇంటిలాగే, ముత్యాలు తెలుగు, మడువు కన్నడ. ఆ తోపులో రాళ్ళ వాలు మీద ప్రతి ఆదివారం పొద్దున చెల్లి సైకిల్ దింపుతుంది. ఈ ఏడాది ఒకే రాయి దగ్గర మూడుసార్లు పడింది. మూడోసారి మణికట్టుకు కట్టు పడింది. నాన్న సైకిల్ అమ్మేస్తానన్నారు. ఇది 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట అని నేను చెప్పినా వినలేదు. చెల్లి ఒక్కటే అడిగింది, "ఎందుకు పడుతున్నానో తెలిస్తే పడను కదప్పా?"

నిజమే కదా. పడేది ఒక్క క్షణంలో. కంటికి అందదు. ఫోన్‌తో తీస్తే చెట్లు చక్కగా వచ్చాయి, చెల్లి మాత్రం రంగు గీతలాగా వచ్చింది. అప్పుడు కెమెరా కొందామనుకున్నాం. నా ట్యూషన్ డబ్బులు, అమ్మ చీటీ డబ్బులు కలిపితే 30 వేలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదు.

మొదటి లెక్క: ఒక ఫొటోలో ఎంత దూరం?

చెల్లి ఆ వాలులో గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ఫోన్ ఫొటో వివరాల్లో చూస్తే షట్టర్ సెకనులో 60వ వంతు సేపు తెరుచుకుంది. ఆ కాస్త సేపట్లోనే సైకిల్ 9 సెంటీమీటర్లు జరుగుతుంది. బెత్తెడు పైనే! గీతలాగా రాక ఏం చేస్తుంది? అదే 250వ వంతు పెడితే 2 సెంటీమీటర్లు, 1000వ వంతు పెడితే అర సెంటీమీటరు. చక్రం పై అంచు సైకిల్ కన్నా రెట్టింపు వేగంతో పోతుంది కాబట్టి స్పోకులు కొంచెం చెదిరినా, మనిషి, పెడల్ స్పష్టంగా వస్తాయి. కాబట్టి మనకు 1000వ వంతు కావాలి. ఈ వేగం ఇప్పటి కెమెరాలన్నిటిలో ఉంది. దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

రెండో లెక్క: రెండు ఫొటోల మధ్య ఎంత దూరం?

బటన్ నొక్కి పట్టుకుంటే కెమెరా వరసగా ఫొటోలు తీస్తుంది. సెకనుకు 3 తీసే కెమెరా అయితే రెండు ఫొటోల మధ్య చెల్లి 1.8 మీటర్లు దాటిపోతుంది. ఒక సైకిల్ పొడవంత. రాయి దగ్గర ఏం జరిగిందో ఆ సందులోనే పోతుంది. సెకనుకు 5 అయితే 1.1 మీటరు. 7 అయితే 80 సెంటీమీటర్లు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఆయన పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయని చూపించడానికి వరసగా కెమెరాలు నిలబెట్టాల్సి వచ్చింది. మనకు ఒకటి చాలు, కానీ ఆ ఒకటి వేగంగా తీయాలి.

మూడోది వెలుతురు

షట్టర్ తక్కువసేపు తెరిస్తే లోపలికి వెలుతురు తక్కువ పోతుంది. తోపులో నీడ వేరే. కెమెరాతో వచ్చే మామూలు 18-55 లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దాకా మూసుకుపోతుంది. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ దానికన్నా దాదాపు 10 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. జూమ్ ఉండదు, మనమే నడిచి ముందుకో వెనక్కో జరగాలి. కానీ తక్కువ ధరలో దొరికే వెలుతురు లెన్స్ ఇదే.

నాలుగోది ఫోకస్

కదిలే మనిషిని కెమెరా వదలకుండా పట్టుకోవాలి. కెనాన్‌లో దీన్ని ఏఐ సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. ఎన్ని ఫోకస్ పాయింట్లు, ఎంత గట్టివి అని అడగాలి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. అక్కడ అన్న మొదట చూపించింది కొత్త కెనాన్ 1500డి. "24 మెగాపిక్సెల్ మ్యాడమ్, కొత్త పీసు, వారంటీ" అన్నాడు. అబద్ధమేం కాదు. కానీ సెకనుకు 3 ఫొటోలు, 9 ఫోకస్ పాయింట్లు, అందులో నిలువు గీతనూ అడ్డ గీతనూ రెండిటినీ పట్టుకునేది మధ్యలో ఒక్కటే. కదలకుండా కూర్చున్న మనుషుల ఫొటోలకు బంగారంలాంటి కెమెరా. మా పనికి కాదు.

అందుకని సెకండ్‌హ్యాండ్ వైపు తిరిగాం. మూడు చూశాం. నికాన్ డి5300, సెకనుకు 5, పాయింట్లు 39. సోనీ ఎ6000, సెకనుకు 11, చిన్నది, తేలిక, కానీ దాని లెన్సులు మా బడ్జెట్ దాటాయి. కెనాన్ 70డి, 2013లో వచ్చింది, 20 మెగాపిక్సెలే, కానీ సెకనుకు 7, పాయింట్లు 19, అన్నీ రెండు గీతలనూ పట్టుకునే రకమే. నికాన్ తీసుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డి5300 లోపల ఫోకస్ మోటారు లేదు. చవగ్గా దొరుకుతోందని పాత 50 ఎం.ఎం. డి రకం లెన్స్ కొంటే దానంతట అది ఫోకస్ చేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే అడగాలి. మేము 70డి, 50 ఎం.ఎం. లెన్స్ తీసుకున్నాం. మొత్తం 29 వేలు. మిగిలిన వెయ్యికి మెమరీ కార్డు.

పాతది కొనేటప్పుడు చూడాల్సినవి

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. 70డికి కంపెనీ చెప్పే ఆయుష్షు లక్ష. నికాన్‌లో ఈ సంఖ్య సాధారణంగా ఫొటో ఫైల్‌లోనే దొరుకుతుంది, కెనాన్‌ను కంప్యూటర్‌కు కలిపి చూడాలి. లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, లోపల సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఫంగస్, వద్దు. ఎఫ్ 16 పెట్టి ఆకాశం ఫొటో తీయండి, మచ్చలు ఉంటే సెన్సర్ మీద దుమ్ము. అక్కడికక్కడే ఎవరినైనా మన వైపు పరుగెత్తమని వరసగా 20 ఫొటోలు తీయండి. మా చెల్లి దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద పరుగెత్తింది. అందరూ చూశారు, చూడనీ! బెంగళూరులో కెమెరాలు ఒక రోజుకు అద్దెకు కూడా ఇస్తారు. అనుమానం ఉంటే ముందు అద్దెకు తెచ్చి చూడడం ఇంకా మంచిది.

తర్వాతి ఆదివారం

వంపు లోపలి వైపు చెట్టు వెనక నిలబడ్డాను. బయటి వైపు నిలబడకూడదు, సైకిల్ జారితే అటే వస్తుంది. సైజు తక్కువ కాబట్టి జేపెగ్ పెట్టాను, లేకపోతే కెమెరా మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. మొదటి రెండుసార్లు ఫోకస్ వెనక చెట్టు మీదికి పోయింది. మూడోసారి మధ్య పాయింట్ ఒక్కటే పెట్టి, దూరం నుంచే చెల్లి ఛాతీ మీద పట్టుకుని తనతోపాటు తిరిగాను. ఏడు ఫొటోలు వచ్చాయి. ఈసారి తను పడలేదు, తూలింది. నాలుగో ఫొటోలో దొరికింది. ఎడమ కాలు కిందికి ఉంది, ఎడమ పెడల్ సరిగ్గా ఆ రాయికి తగులుతోంది. ఐదో దాంట్లో వెనక చక్రం గాల్లో ఉంది.

అంతే విషయం. రాయి మీదికి వచ్చేటప్పుడు పెడళ్ళు రెండూ సమంగా ఉంచాలి. చెల్లి ఆ రోజంతా అదొక్కటే చేసింది. తర్వాతి రెండు ఆదివారాలు ఒక్కసారీ పడలేదు. నాన్న ఏడు ఫొటోలూ వరసగా చూసి, మళ్ళీ వెనక్కి తిప్పి నాలుగో దాని దగ్గర చాలాసేపు ఆగారు. సైకిల్ అమ్మడం గురించి తర్వాత మాట్లాడలేదు. మోకాలి ప్యాడ్లు మాత్రం కొనుక్కొచ్చారు.

ఖో ఖో, త్రోబాల్ ఆడే అక్కలు, చెల్లెళ్ళు ఎవరైనా తమ ఆట చూసుకోవాలంటే చెప్పండి, కెమెరా తెస్తాను. బ్యాటరీ చార్జింగ్ మాత్రం మీ వంతు.

ద్వితీయ బి.ఎ. విద్యార్థిని